ఎవరిని ప్రశ్నించవలె?

ఇంటిల్లిపాదీ కూర్చుండి వినే రేడియోలో ఇటువంటి విషయం చెప్పవచ్చునా అని కొందరు శ్రోతలు సంకోచించవచ్చును. మేమూ సంకోచించినాము. కాని, మాటాడకపోవడం వలన లాభం ఎవరికి అని ఆలోచించి చూచినప్పుడు మా సంకోచం తీరినది. మౌనం వలన లాభపడేవాడు అపరాధి. నష్టపడేది మన ఇంటి ఆడపిల్ల. కనుక మాట మర్యాద తప్పనీయకుండా, విషయం మరుగుపరచకుండా, చట్టం ఏమి చెప్పుతున్నదో వివరించడానికి ప్రయత్నిస్తాము.

ఒక స్త్రీపై బలాత్కారం జరిగినదన్న వార్త విన్నప్పుడు మన నోటికి సామాన్యంగా వచ్చే ప్రశ్నలు మూడు. ఎందుకు కేక వేయలేదు? ఎందుకు పారిపోలేదు? ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు? ఈ మూడూ ఆమెను అడిగే ప్రశ్నలే. వానిని గురించి అడగవలసిన ప్రశ్న ఒకటి ఉన్నది. ఆమె మంచిచెడ్డలు, రాకపోకలు, బ్రతుకుతెరువు అతని చేతిలో ఎంతవరకు ఉన్నవి? ఆ పట్టును అతడు ఏ విధంగా వాడుకొన్నాడు? నూట అరువది సంవత్సరాలకు పైబడిన కాలంలో మన దేశపు చట్టం ఆ మూడు ప్రశ్నలను విడిచి ఈ ప్రశ్న వద్దకు చేరుకొన్నది. ఆ నడకనే నేడు పరిశీలిద్దాము.

దారిన పోయే అపరిచితుడు చేయి పట్టుకొంటే కేక వేయవచ్చును, నలుగురూ వస్తారు. కాని, రాత్రివేళ పోలీసు ఠాణాలో నిలబెట్టబడిన స్త్రీ ఎవరిని కేక వేస్తుంది? ఆపదలో మనం కేక వేసి పిలిచేది పోలీసువారినే గదా! ఆసుపత్రిలో మంచం పట్టిన రోగికి మందు ఇచ్చే చేయి, భయపెట్టే చేయి ఒకటే అయినప్పుడు ఆమె ఎటు తిరుగుతుంది? బడిలో మార్కులు వేసేవాడు, హాస్టలులో సెలవు చీటీపై సంతకం పెట్టేవాడు, ఇంటిలో అన్నం పెట్టేవాడు — వీరి ఎదుట ‘వద్దు’ అనడానికి చెల్లించవలసిన మూల్యం చాలా ఎక్కువ. కంచే చేను మేయడమని మన పెద్దలు చెప్పినది ఇటువంటి దానినే. కంచె మేస్తున్నప్పుడు చేను అరవలేదేమి అని అడగడంలో అర్థం లేదు.

ఇంత తేటగా కనిపించే ఈ సంగతి చట్టంలోనికి రావడానికి చాలా కాలం పట్టినది. 1860లో చేసిన భారత శిక్షాస్మృతి 1862 జనవరి 1వ తేదీ నుండి అమలులోనికి వచ్చినది. అందులో 375వ సెక్షను బలాత్కారాన్ని నిర్వచించినది. స్త్రీ ఇష్టానికి విరుద్ధంగా, లేదా ఆమె సమ్మతి లేకుండా జరిగినది నేరం. సమ్మతి ఇచ్చినా, చంపుతారనో గాయపరుస్తారనో భయపెట్టి పొందిన సమ్మతి సమ్మతి కాదు. బాగున్నది. కాని, కత్తి చూపని భయం మాట ఏమిటి? ఠాణా గోడల భయం, ఉద్యోగం పోతుందన్న భయం, తన మాట ఎవరూ నమ్మరన్న భయం — వీటి ప్రసక్తి ఆ సెక్షనులో లేదు. నేరం చేసినవాడు ఎవరు, అతనికీ ఆమెకూ గల సంబంధం ఏమిటి అన్నది నాటి నిర్వచనంలో స్థానం పొందలేదు.

ఈ లోపం దేశానికంతటికీ తెలిసివచ్చినది ఒక పేద గిరిజన బాలిక కేసు వలన. ఆమె పేరు చెప్పము. ఎందుకో తరువాత మనవి చేస్తాము. 1972 మార్చి 26వ తేదీ రాత్రి, మహారాష్ట్రలో నాటి చంద్రపూర్ జిల్లాకు చెందిన దేశాయిగంజ్ ఠాణాకు ఆ బాలిక తన అన్నతోను, మరికొందరితోను వచ్చినది. తలిదండ్రులు లేని పిల్ల. కూలి పని చేసుకొని బ్రతికేది. వయస్సు పదునాలుగు, పదునారు సంవత్సరాల నడుమ ఉండవచ్చునని వైద్యులు అంచనా వేసినారు. ఇంటి తగవు ఒకటి అన్నగారు ఫిర్యాదు చేయగా వాఙ్మూలాలు తీసుకొన్నారు. పని ముగిసిన తరువాత తక్కినవారిని పొమ్మని, ఆమెను మాత్రం ఉండుమన్నారు. తనపై ఠాణాలోనే అఘాయిత్యం జరిగినదని ఆమె బయటికి వచ్చి చెప్పినది. వెలుపల ఆమె వారు వేచియున్నారు. ఠాణా తలుపులు మూసి, దీపాలు ఆర్పి ఉన్నవి.

కేసు మూడు న్యాయస్థానాలు చూచినది. సెషన్సు కోర్టు, ఇది ఆమె సమ్మతితోనే జరిగినదని 1974లో నిందితులను విడిచిపెట్టినది. 1976లో బొంబాయి హైకోర్టు నాగపూరు బెంచి ఆ తీర్పును కొట్టివేసినది. పోలీసుల అదుపులో ఉన్న ఆ పిల్ల భయం వలన నిస్సహాయంగా లొంగిపోవడం వేరు, ఇష్టపడి సమ్మతించడం వేరు అని హైకోర్టు భావించి శిక్ష విధించినది. 1978 సెప్టెంబరు 15వ తేదీన సుప్రీం కోర్టు మరల నిందితులను నిర్దోషులుగా విడుదల చేసినది. ఆమె శరీరంపై గాయాలు లేకపోవడం, పెనుగులాడిన ఆనవాలు కానరాకపోవడం, చట్టంలో చెప్పిన ప్రాణభయంగాని గాయపడుదునన్న భయంగాని రుజువు కాకపోవడం ఆ తీర్పుకు ఆధారాలు. ఆమె పూర్వ నడవడిని గురించిన మాటలు కూడా ఆ కేసులో దొర్లినవి. ఎవరి ఠాణా, ఎవరి అదుపు, అంత రాత్రి ఆమెను ఒంటరిగా ఎందుకు ఉంచినారు అన్న ప్రశ్నలకు రావలసినంత ప్రాముఖ్యం రాలేదు.

మరుసటి సంవత్సరం, అనగా 1979లో, నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు — ఉపేంద్ర బక్షీ, లోతికా సర్కార్, రఘునాథ్ కేల్కర్, వసుధా ధగంవార్ — సుప్రీం కోర్టు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ వ్రాసినారు. సమ్మతించినవాడు లోబడతాడు నిజమే. కాని లోబడిన ప్రతివాడూ సమ్మతించినట్లు కాదు అన్నది ఆ లేఖలోని ప్రధానమైన వాదం. చట్టం చదువని పల్లెటూరివారికి కూడా ఈ భేదం తెలియనిది కాదు. దొంగకు తాళపుచెవులు ఇచ్చినవాడు సొమ్ము దానం చేసినాడని ఎవరూ అనరు.

మన హైదరాబాదు నగరానికి కూడా ఈ చరిత్రలో భాగం ఉన్నది. 1978 మార్చి నెలాఖరులో, రాత్రి సినిమా చూచి భర్తతో ఇంటికి తిరిగి వస్తున్న ఒక పేద యువతిని పోలీసులు ఠాణాకు తీసుకొని పోయినారు. అక్కడ ఆమెపై అత్యాచారం జరిగినదన్న ఆరోపణ వచ్చినది. రిక్షా లాగి బ్రతికే ఆమె భర్త దెబ్బలకు గురియై మరణించినాడు. నగరం అట్టుడికిపోయినది. విచారణకై నియమింపబడిన న్యాయమూర్తి ముక్తదర్ కమిషను పోలీసులదే దోషమని తేల్చినది. అయినా కేసు కర్ణాటకలోని రాయచూరుకు బదిలీయై, అక్కడి కోర్టులో 1981లో నిందితులందరూ విడుదలైనారు. ఇక్కడ కూడా ఆ స్త్రీ ఎటువంటిదన్న చర్చ ఎంతో జరిగినది.

ఇటువంటి ఘటనల వలన దేశంలో కలిగిన ఆందోళన ఫలించినది. 1980లో లా కమిషను తన 84వ నివేదికను సమర్పించినది. 1983లో పార్లమెంటు శిక్షాస్మృతిని సవరించినది. ఆ సవరణ చేసిన పనులలో మూడు మన విషయానికి ముఖ్యమైనవి.

మొదటిది, బలాత్కారం చేసినవాడు ఏ స్థానంలో ఉన్నాడన్నది చూచి శిక్షను పెంచడం. పోలీసు ఉద్యోగి, తన అదుపులోని స్త్రీపై నేరం చేసిన ప్రభుత్వోద్యోగి, జైలు సిబ్బంది, స్త్రీల లేదా బాలల శరణాలయాల సిబ్బంది, ఆసుపత్రి సిబ్బంది — వీరికి పది సంవత్సరాలకు తగ్గని కఠిన శిక్ష నిర్ణయించినారు. రెండవది, బలాత్కారమని చెప్పడానికి వీలు లేకపోయినా, తన పదవిని ఆధారం చేసుకొని తన అదుపులోని స్త్రీని లోబరచుకొనడాన్ని ప్రత్యేక నేరంగా పేర్కొనడం. మూడవది సాక్ష్య చట్టంలో 114ఎ అనే క్రొత్త సెక్షను చేర్చడం.

ఈ మూడవదానిని గురించి రెండు మాటలు చెప్పవలసి ఉన్నది. సామాన్యంగా నేరాన్ని రుజువు చేసే భారం ప్రభుత్వ పక్షానిది. సమ్మతి లేదని కూడా వారే నిరూపించవలె. నాలుగు గోడల నడుమ, అధికారి తప్ప మరొక సాక్షి లేని చోట, ఆ నిరూపణ ఎట్లా సాధ్యం? అందుచేత, అదుపులో ఉన్న స్త్రీ వంటి సందర్భాలలో, లైంగిక సంపర్కం జరిగినదని రుజువై, తాను సమ్మతించలేదని ఆమె కోర్టులో చెప్పినచో, సమ్మతి లేదనే న్యాయస్థానం భావించవలెనని ఆ సెక్షను ఆదేశించినది. కాదని చూపవలసినవాడు నిందితుడే. అతని నోరు మూయలేదు; సాక్ష్యం చూపుకొనే అవకాశం అతనికి ఉన్నది. ప్రశ్నను మాత్రం ఆమె వైపు నుండి అతని వైపునకు త్రిప్పినారు. దేశాయిగంజ్ కేసుకు చట్టం చెప్పుకొన్న సమాధానం ఇదే అనవచ్చును.

తరువాతి పెద్ద మార్పు 2013లో వచ్చినది. 2012 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన ఘోరం తరువాత న్యాయమూర్తి జె.ఎస్. వర్మ అధ్యక్షతన ఏర్పడిన సంఘం ఒక నెలలో నివేదిక ఇచ్చినది. ఆ సంవత్సరమే శిక్షాస్మృతిని మరల సవరించి అధికారస్థానాల పట్టికను చాలా విస్తరించినారు. 2024 జూలై 1వ తేదీ నుండి శిక్షాస్మృతికి బదులు భారతీయ న్యాయ సంహిత అమలులోనికి వచ్చినది. పాత 376వ సెక్షనులోని ఆ పట్టిక ఇప్పుడు సంహితలోని 64వ సెక్షనులో ఉన్నది. పదవిని దుర్వినియోగం చేసి లోబరచుకొనడాన్ని గురించిన 376సి ఇప్పుడు 68వ సెక్షను. సాక్ష్యానికి సంబంధించిన నియమం భారతీయ సాక్ష్య అధినియమంలో 120వ సెక్షను. శ్రోతలు ఈ సంఖ్యలను జ్ఞాపకం ఉంచుకొననక్కరలేదు. వాటి వెనుక ఉన్న భావాన్ని గ్రహిస్తే చాలును.

ఇంతకూ అధికారస్థానమనగా ఏమి? ఆశ్చర్యమేమంటే, ‘అధికారస్థానమనగా ఇది’ అని ఒక్క వాక్యంలో చట్టం ఎక్కడా నిర్వచించలేదు. నిర్వచించకపోవడం లోపం కాదేమోనని మాకు తోచుచున్నది. గిరి గీసి చెప్పితే గిరికి వెలుపల నిలబడి తప్పించుకొనేవారు ఉంటారు. కనుక చట్టం మూడు విధాలుగా చెప్పినది.

ఒకటి, చోటును బట్టి. పోలీసు ఉద్యోగి తాను నియమింపబడిన ఠాణా పరిధిలోగాని, ఏ ఠాణా ఆవరణలోగాని, తన అదుపులో లేదా తన క్రిందివారి అదుపులో ఉన్న స్త్రీ విషయంలోగాని నేరం చేస్తే అది పెద్ద శిక్షకు గురియగు నేరం. ‘ఆమెను పట్టుకొన్నది నేను కాదు, మా కానిస్టేబులు’ అని పైఅధికారి తప్పించుకొనడానికి వీలు లేదు. ఏదైనా ప్రాంతంలో ప్రభుత్వం నియోగించిన సాయుధ దళాలవారు ఆ ప్రాంతంలో చేసిన నేరం కూడా ఇందులోనిదే.

రెండు, సంస్థను బట్టి. జైలు, శరణాలయం, ఆసుపత్రి నిర్వాహకులూ సిబ్బందీ తమ సంరక్షణలోని స్త్రీలపై చేసే నేరం. ఇక్కడ చట్టం వాడిన మాటలు గమనింపదగినవి. 68వ సెక్షను వివరణలో ‘సూపరింటెండెంటు’ అన్న మాటకు అర్థం చెప్పుతూ, ఆ పేరు గలవాడే కానక్కరలేదనీ, ఏ ఉద్యోగం వలన లోపల ఉన్నవారిపై అధికారమో అదుపో చెలాయించగలడో ఆ ఉద్యోగంలో ఉన్నవాడెవడైనా సరే అనీ చెప్పినారు. తాళపుచెవి ఎవరి నడుమున ఉన్నదో చూడవలెనుగాని గది తలుపుపై ఎవరి పేరు వ్రాసియున్నదో కాదన్నమాట. అట్లే స్త్రీల, బాలల సంస్థ అనగా అనాథ శరణాలయమైనా, వితంతు శరణాలయమైనా, మరి ఏ పేరుతో పిలువబడేదైనా సరే. ఆసుపత్రి అనగా రోగులు కోలుకొనే చోట్లు, పునరావాస కేంద్రాలు కూడా వచ్చును. బోర్డు మార్చినంతమాత్రాన చట్టం చేతికి చిక్కకుండా పోరు.

మూడు, సంబంధాన్ని బట్టి. ఇది 2013 సవరణ తెచ్చిన పెద్ద మార్పు. బంధువు, సంరక్షకుడు, ఉపాధ్యాయుడు అని పేర్లు చెప్పి, ఆ వెంటనే ‘ఆ స్త్రీ పట్ల విశ్వాసానికి లేదా అధికారానికి సంబంధించిన స్థానంలో ఉన్నవాడు’ అన్నారు. మరొక చోట ‘ఆమెపై అదుపు లేదా ఆధిపత్యం గల స్థానంలో ఉన్నవాడు’ అన్నారు. విశ్వాసమనగా ఆమె తనంత తానుగా అతనిపై పెట్టుకొన్న నమ్మకం. సంగీతం నేర్పే గురువుపై ఉన్నటువంటిది. అధికారమనగా ఆజ్ఞాపించే శక్తి. అదుపు, ఆధిపత్యం అనేవి పదవి లేకపోయినా ఉండగలవు. పని ఇచ్చేవాడు, అప్పు ఇచ్చినవాడు, ఉండడానికి చోటు ఇచ్చినవాడు ఏ పదవిలోనూ ఉండకపోవచ్చును. అటువంటి పట్టు ఒక ప్రత్యేక సందర్భంలో ఆధిపత్యమయినదా, కాలేదా అన్నది సాక్ష్యం చూచి న్యాయస్థానం నిర్ణయిస్తుంది.

ఈ పట్టికలోని ఏ స్థానంలో ఉన్నవాడు బలాత్కారం చేసినా, పది సంవత్సరాలకు తగ్గని కఠిన కారాగారవాసం, అది జీవితాంతం వరకు ఉండవచ్చును. జరిమానా కూడా ఉన్నది. సమ్మతి లేదని భావించే సాక్ష్య నియమం ఇప్పుడు పట్టికలోని అన్ని స్థానాలకూ వర్తిస్తుంది.

ఇక 64వ సెక్షనుకూ 68వ సెక్షనుకూ గల భేదం చెప్పవలె. ఇక్కడనే చాలామంది తికమకపడతారు. ఒక ఉదాహరణ అనుకొందాము. ఒక శరణాలయపు నిర్వాహకుడు అక్కడ ఉండే స్త్రీని భయపెట్టి, ఆమె వద్దన్నా వినక చెరిచినాడు. అది బలాత్కారం, అతని స్థానం వలన శిక్ష పెరుగుతుంది. మరొక నిర్వాహకుడు అటువంటి బలప్రయోగం చేయలేదు. ‘నా మాట వింటే నిన్ను ముందుగా ఇంటికి పంపిస్తాను, మంచి గది ఇప్పిస్తాను’ అని ఆశ చూపి లోబరచుకొన్నాడు. ఆమె ‘సరే’ అన్నది. ఇది బలాత్కారం కాదనుకొన్నా, 68వ సెక్షను క్రింద నేరమే. అయిదు సంవత్సరాలకు తగ్గకుండా పది సంవత్సరాల వరకు కఠిన శిక్ష, జరిమానా. ‘ఆమె ఒప్పుకొన్నది’ అన్న జవాబు ఇక్కడ అతనిని కాపాడదు. ఆ ఒప్పుకోలును అతడు ఏ సొమ్ముతో కొన్నాడు? ప్రజలు అతనికి అప్పగించిన అధికారంతో కొన్నాడు. అది అతని సొంత సొమ్ము కాదు.

అయితే, ఈ సెక్షనుకు హద్దులు లేకపోలేదు. పదవిలో ఉన్నవాడయి ఉండడం ఒక్కటే చాలదు. ఆ స్త్రీ అతని అదుపులోనో, అతని బాధ్యతలోనో, ఆ సంస్థ ఆవరణలోనో ఉండవలె. అతడు ఆ పదవిని దుర్వినియోగం చేసి ఆమెను పురికొల్పినట్లు రుజువు కావలె. ఒకే కార్యాలయంలో పనిచేసే యుక్తవయస్కులు ఇద్దరు ఇష్టపడి ఒకరికొకరు దగ్గరయితే చట్టం వారి జోలికి పోదు. ఆరోపణ వచ్చినంతనే ఏ ఉపాధ్యాయుడూ, ఏ వైద్యుడూ అపరాధి కాడు. స్థానం, సంబంధం, దుర్వినియోగం — ఈ మూడింటిని సాక్ష్యంతో తూచి చూడవలసినది న్యాయస్థానం. ఈ జాగ్రత్త నిర్దోషులకు రక్షణ, చట్టానికి గౌరవం.

సమ్మతి అన్న మాటకు కూడా ఇప్పుడు నిర్వచనం ఉన్నది. మాటతోగాని, సైగతోగాని, మరొక విధంగాగాని, సందేహానికి తావులేకుండా, స్వచ్ఛందంగా తెలియజేసిన అంగీకారమే సమ్మతి. పెనుగులాడలేదన్న ఒక్క కారణం చేత సమ్మతించినదని భావించరాదని సంహిత స్పష్టంగా చెప్పుతున్నది. సమ్మతి వివాదంలో ఆమె పూర్వ నడవడిని సాక్ష్యంగా తీసుకొనరాదన్న నియమం కూడా ఉన్నది. ‘ఎందుకు కేక వేయలేదు’ అన్న ప్రశ్నకు చట్టం ఇచ్చిన సెలవు ఇదే.

పిల్లల విషయం వేరుగా చెప్పుకొనవలె. పదునెనిమిది సంవత్సరాలు నిండని బాలబాలికలకు సమ్మతి అన్న ప్రసక్తే లేదు. వారి కొరకు 2012లో ప్రత్యేక చట్టం చేసినారు. పోక్సో అని వార్తలలో మనం వినేది దానినే. ఆ చట్టంలోని అధికారస్థానాల పట్టిక ఇంకా పెద్దది. పోలీసు, సైన్యం, జైలు, ఆసుపత్రి గాక, విద్యాసంస్థల సిబ్బంది, మత సంస్థల సిబ్బంది, పిల్లలకు సేవలందించే ఏ సంస్థ యజమాని అయినా సిబ్బంది అయినా అందులో ఉన్నారు. రక్తబంధువు, దత్తత వలన బంధువు, వివాహం వలన బంధువు, పెంచుకొనేవారు, చివరకు పిల్లతో ఒకే ఇంటిలో నివసించేవాడు కూడా ఉన్నాడు. అనగా, మన వసారాలో కూర్చుండి కాఫీ త్రాగే చుట్టము కూడా చట్టం దృష్టిలో అధికారస్థానంలో ఉండవచ్చును. 2019 సవరణ తరువాత, వీరు చేసే అతి తీవ్రమైన నేరానికి ఇరువది సంవత్సరాలకు తగ్గని శిక్ష ఉన్నది. మరణశిక్షకు కూడా అవకాశం ఉన్నది.

ఇంటివారు మరువరాని మాట ఇంకొకటి. పిల్లపై ఇటువంటి నేరం జరిగినదని తెలిసినవారెవరైనా పోలీసులకు తెలియజేయవలె. అది ఇష్టాయిష్టాల విషయం కాదు. చట్టం విధించిన బాధ్యత. తెలిసీ తెలుపనివారు శిక్షార్హులు. తన క్రింది ఉద్యోగి చేసిన నేరాన్ని దాచిన సంస్థ అధిపతికి శిక్ష మరింత ఎక్కువ. ‘బడి పేరు పోతుంది’, ‘కులం పరువు పోతుంది’ అనే మాటలకు ఆ చట్టంలో చోటు లేదు.

ఉద్యోగం చేసే స్త్రీల కొరకు 2013లో మరొక చట్టం వచ్చినది. పై అధికారి ఉద్యోగంలో మేలు చేస్తానని ఆశ చూపడం, కీడు చేస్తానని బెదిరించడం లైంగిక వేధింపులో భాగమని అది చెప్పుతున్నది. పదిమంది గాని అంతకు ఎక్కువమంది గాని పనిచేసే చోట ఫిర్యాదుల సంఘం ఉండవలె. అంతకంటె తక్కువమంది ఉన్న చోట, లేక ఫిర్యాదు యజమాని మీదనే అయినప్పుడు, జిల్లాలోని స్థానిక సంఘానికి చెప్పుకొనవచ్చును. యజమాని మీది ఫిర్యాదును యజమాని నియమించిన సంఘం విచారించరాదన్న వివేకం ఇందులో ఉన్నది. ఇండ్లలో పనిచేసే స్త్రీలకు కూడా ఈ రక్షణ వర్తిస్తుంది. ఫిర్యాదు సామాన్యంగా మూడు నెలలలోపల వ్రాసి ఇవ్వవలె.

ఆపద వచ్చినప్పుడు చేయవలసినది కూడా సంగ్రహంగా చెప్పుతాము. నేరం ఎక్కడ జరిగినా, ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చును. తమ పరిధి కాదని నిరాకరించరాదు. స్త్రీ ఇచ్చే ఇటువంటి ఫిర్యాదును మహిళా అధికారి వ్రాసుకొనవలె. ఫిర్యాదును నమోదు చేయని ఉద్యోగికి ఆరు నెలలకు తగ్గని శిక్ష ఉన్నది. ప్రభుత్వ ఆసుపత్రి అయినా, ప్రైవేటు ఆసుపత్రి అయినా వెంటనే ఉచితంగా చికిత్స చేయవలె. స్త్రీలకూ పిల్లలకూ, ఆస్తిపాస్తులతో నిమిత్తం లేకుండా, న్యాయసేవా సంస్థల ద్వారా ఉచితంగా న్యాయవాది సహాయం లభిస్తుంది. బాధితురాలి పేరుగాని, ఆమెను గుర్తుపట్టడానికి వీలిచ్చే వివరంగాని ప్రకటించడం నేరం. ఆ రెండు కేసులలోని స్త్రీల పేర్లు మేము చెప్పకపోవడానికి కారణం ఇదే. పేరు దాచుకొనవలసిన సిగ్గు వారిదని మాత్రం ఎవరూ భావించకుందురుగాక.

చట్టం ఇంత దూరం వచ్చినది. మన ఇండ్లు అంత దూరం వచ్చినవా? పిల్ల వచ్చి ‘ఆ మాస్టారి దగ్గరకు ఇక చదువుకు పోను’ అన్నప్పుడు, ‘పెద్దవారిని గూర్చి అట్లా అనరాదు’ అని నోరు మూయించేది మనమే. ‘మామయ్య దగ్గరకు పోనని మొండికేస్తున్నదేమి’ అని విసుగుకొనేది మనమే. గౌరవం నేర్పవలసినదే, కాని భయాన్ని గౌరవమనే పేరుతో నేర్పరాదు. ఆ పిల్ల చెప్పదలచుకొన్న మాటకు మొదటి న్యాయస్థానం తల్లి ఒడి. అక్కడ కేసు కొట్టివేస్తే పై కోర్టుకు పోయే దారి ఆ పిల్లకు తెలియదు.

ముగించే ముందు ఒక చిన్న నియమాన్ని జ్ఞాపకం చేస్తాము. బాలల రక్షణ చట్టంలో 24వ సెక్షను ఉన్నది. పిల్ల వాఙ్మూలాన్ని ఆమె ఇంటిలోగాని, ఆమె కోరిన చోటగాని తీసుకొనవలె. సాధ్యమైనంతవరకు మహిళా పోలీసు అధికారి తీసుకొనవలె. ఏ కారణం చేతనైనా పిల్లను రాత్రివేళ ఠాణాలో ఉంచరాదు. వాఙ్మూలం వ్రాసుకొనే సమయంలో ఆ అధికారి యూనిఫారంలో ఉండరాదు.

1972లో ఒక రాత్రి ఠాణాలో నిలిచిపోయిన ఆ కూలిపిల్లను తలచుకొని ఈ నియమాన్ని మరల చదవండి. తన ఎదుట నిలిచిన పిల్లకు భయం కలుగునేమోనని, రాజ్యమే తన అధికార చిహ్నాన్ని తీసి ప్రక్కన పెట్టి, నేలపై కూర్చుండి, ‘చెప్పమ్మా’ అని అడుగుచున్నది. మన ఇండ్లలో పెద్దలమైన మనం కూడా పెద్దరికాన్ని ఒక్క ఘడియ ప్రక్కన పెట్టి, ఆ విధంగా అడిగి, వినగలిగితే, చట్టం దాకా పోకుండానే ఆగిపోయే అన్యాయాలు ఎన్నో ఉన్నవి.